పనామె బొంత

కదిరిలో సువార్తమ్మ అవ్వకు తెల్లవారితే ప్రార్థన, పొద్దెక్కితే కుట్టుపని. పాత చీరలూ పంచెలూ పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలతో నెమళ్ళనూ ద్రాక్షగుత్తులనూ తీర్చి బొంతలు కుట్టేది. పెండ్లయి వచ్చిన నాటి నుంచి చూపు మసకబారేదాకా ఆమె సూది ఆగింది లేదు. ప్రతి కుట్టుకూ దేవుడితో ఏదో ఒకటి చెప్పుకునేది కాబట్టి, ఆ బొంతను ఎవరు కప్పుకుంటే వాళ్ళ కోసం అదే అవ్వ గొంతుతో ప్రార్థన చేసేది. దేవుడి దగ్గర దాపరికమేముంది? కొడుకు శామ్యూల్ చాటుగా బీడీ కాల్చే సంగతి ఇంటిల్లిపాదికీ అట్లాగే తెలిసింది. ఆయన సిగ్గుపడ్డాడే గానీ బొంత మాత్రం వదల్లేదు.

శామ్యూల్ కూతురు ప్రిస్కిల్లా బెంగళూరులో నర్సు. కంటి ఆపరేషన్‌కని అవ్వ వచ్చి ఆమె దగ్గర ఉన్న రోజుల్లో తోటి నర్సులు టీకి వచ్చారు. వాళ్ళలో పల్లవి చలేసి, సోఫా మీదున్న, ప్రిస్కిల్లాకు అవ్వ కుట్టిచ్చిన బొంత కప్పుకుంది.

“దేవా, పల్లవి బిడ్డ మొగుడు ఇంటికొచ్చేది మానేసినాడు. ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతా ఉండాది, చూడు నాయనా,” అంది బొంత.

పల్లవి మొహం మాడ్చుకుని దాన్ని అవతలికి విసిరేసింది. “ఎవరిదే ఈ పాతగుడ్డ?”

“పనామెది. మర్చిపోయి పోయినట్టుండాది,” అనేసింది ప్రిస్కిల్లా. లోపలి గదిలో అవ్వ మేలుకునే ఉందని ఆమెకు తెలుసు.

సాయంత్రం పనామె మల్లమ్మ గిన్నెలు తోమడానికి రాగానే, అవ్వ గోడ పట్టుకుని వచ్చి బొంత మడిచి ఆమె చేతుల్లో పెట్టింది. “ఇది నీదేనంట తల్లీ. మా పిల్ల చెప్పింది. మా పిల్ల అబద్ధం ఆడదు.”

ప్రిస్కిల్లా తలెత్తలేకపోయింది. కదిరికి పోయినప్పుడు క్షమించమని అడుగుదాంలే అనుకుంటుండగానే, వానాకాలంలో అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

బంధువులంతా ఇక్కడే ఉన్నారని జ్ఞాపకార్థ కూడిక బెంగళూరు చర్చిలోనే పెట్టారు. అందరూ అవ్వ కుట్టిన బొంతలు భుజాన వేసుకుని రావాలన్నాడు శామ్యూల్. ప్రిస్కిల్లా బళేపేట బజారులో కొత్త రగ్గు కొని, అదిచ్చి బొంత వెనక్కి తెచ్చుకుందామని కూడిక నాటి పొద్దున మల్లమ్మ షెడ్డుకు పోయింది. సిగ్గు కప్పుకోవడానికి మనిషి ఎన్ని వేషాలు వేస్తాడో!

రేకుల కింద మల్లమ్మ కోడలు స్వప్న, నిండుచూలాలు, ఆ బొంతే కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

“దేవా, స్వప్న బిడ్డకు తల పగిలిపోతా ఉండాది, కండ్ల ముందర మెరుపులు. అత్త పని పోగొట్టుకుంటాదని చెప్పకుండా ఉండాది,” అంటోంది బొంత.

ప్రిస్కిల్లా రగ్గు కింద పడేసి ఆ పిల్ల కాలు నొక్కి చూసింది. వేలు దిగిన గుంట అట్లాగే ఉండిపోయింది.

“మల్లమ్మా, ఆటో పిలువు. బీపీ ఎక్కింటాది. ఇప్పుడే పోవాల.”

మధ్యాహ్నానికి ఆపరేషన్ చేసి తల్లినీ బిడ్డనూ దక్కించారు. మల్లమ్మ ఏడుస్తూ బొంత తెచ్చి ప్రిస్కిల్లా భుజాన వేసింది. “మీ అవ్వది కదమ్మా, నువ్వే పెట్టుకో.”

“దేవా, మా ప్రిస్కిల్లా అబద్ధం ఆడే పిల్ల కాదు,” అంది బొంత. అంతకు మించి ఒక్క మాటా అనలేదు.

భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది ప్రిస్కిల్లాకు. బొంత తీసి పసిగుడ్డు మీద కప్పి, ఒట్టి భుజంతో చర్చికి పోయింది.

కూడికలో అవ్వ గురించి చెప్పే సాక్ష్యాలు ముగింపుకొచ్చాయి. వెనక వరుసలో పల్లవి కూడా ఉంది.

“నీ బొంత యాడమ్మా?” అన్నాడు శామ్యూల్ అందరి ముందరా.

“మల్లమ్మది నాయనా,” అంది ప్రిస్కిల్లా. “ముందు నాదే. నాది కాదని నేనే చెప్పినా. అవ్వ వింటా ఉండాదని తెలిసే చెప్పినా.”