పక్క పిలక

వజ్రమ్మ తొమ్మిదో కుండీ ఆకులు తుడిచి, పదో కుండీని దగ్గరకు లాక్కుంది. తడి గుడ్డతో ఆకు మొదలు నుంచి కొసదాకా ఒకే పట్టున తుడవాలి. ఆకుల నడుమ నీటిచుక్క నిలిచిందా, రెండు రోజుల్లో కుళ్లు పడుతుంది. శేరిగూడ దాటాక ఉన్న ఆ షెడ్డులో పన్నెండేళ్లుగా ఆమె పని ఇదే. యజమాని మహిధర్ వాటిని స్లిప్పర్ ఆర్కిడ్లు అంటాడు. పువ్వు కింద చెప్పు ముందుభాగంలాంటి సంచి ఉంటుంది కాబట్టి పనివాళ్లకు అవి చెప్పుపూలు.

చేతులు ఆకుల మీదున్నా ఆమె కళ్లు మాత్రం సంతోషి బల్ల మీదే ఉన్నాయి.

అక్కడున్న మచ్చల ఆకుల మొక్క పేరు చీటీ లేకుండా వచ్చింది. ఏ జాతో మహిధర్‌కూ అంతుపట్టలేదు. ఆకు తిరగేసి, మొదలు దగ్గర ఊదారంగు చుక్కలు చూసి, "గిది వెచ్చటి బల్ల మీద ఉండాలె సార్," అన్నది వజ్రమ్మే. నాలుగేళ్లు ఆమే సాకింది. నిరుడు పనివాళ్లకు కుండీల బల్లలు పంచినప్పుడు అది కొత్తగా చేరిన సంతోషి వాటాకు పోయింది. పోయిన ఎనిమిది నెలలకే పూసి కూర్చుంది! మహిధర్ పువ్వు నడుమనున్న చిన్న బిళ్లను భూతద్దంతో చూసి జాతి తేల్చాడు. సంతోషిని పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. "సంతోషి చెయ్యి మంచిది," అన్నాడు. ఆ మాట నెలన్నరగా వజ్రమ్మ చెవిలో జోరీగలా తిరుగుతోంది.

భర్త కిష్టా పోయినప్పుడు కూడా, మొక్కలు ఎండిపోతాయని పన్నెండో రోజునే పనిలోకి వచ్చిన మనిషి. ఎవరూ మెచ్చుకోలేదు, ఆమె అడగనూ లేదు. కానీ ఈ ఒక్క పువ్వు తనది అనిపించుకోవాలని ఉండింది. మోకాళ్లు చూస్తే ఇంకో రెండేళ్లకు మించి నిలబడనిచ్చేలా లేవు.

పువ్వు నిన్న రాలింది. అన్నాలు తిన్నాక సంతోషి ఆ కుండీని తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"వజ్రక్కా, కాడ కోసి కుండీ జర నువ్వే మార్చవా? వేర్లు ముట్టాలంటే నాకు భయమైతది."

"ఫొటో దిగెటప్పుడు కాలేదా భయం?"

సంతోషి నవ్వింది. పరాచికం అనుకుంది పాపం. సార్‌తో మాట్లాడాలంటూ ఆఫీసు గదివైపు వెళ్లింది.

వజ్రమ్మ కాడను మొదలుకంటా కోసింది. కుండీ బోర్లించి, మట్టికి బదులు వేసిన పాత బెరడు ముక్కలు దులిపి, కుళ్లిన వేరు ఒకటి తీసేసింది. చెప్పుపూల మొక్కలో ఒకసారి పూసిన ఆకుల గుత్తి మళ్లీ పూయదు. దాని పక్కన పుట్టిన పిలకే పూయాలి. ఆ పిలక బొటనవేలంత ఉంది, ఇంకా సొంత వేరు పడలేదు. అది పెరుగుతుంది, పూస్తుంది, సంతోషి మళ్లీ ఫొటో దిగుతుంది. వజ్రమ్మ కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. కత్తి కొస కొంచెం పక్కకు జరిగింది. జరిగిందని ఎవరికైనా చెప్పుకోవచ్చు గానీ, జరిపింది ఆమే. తెగిన పిలకను చెత్తబుట్టలో వేసి, పైన పాత బెరడు పోసి, పూసిన గుత్తిని కొత్త కుండీలో శ్రద్ధగా నిలబెట్టింది. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

ఐదింటికి సంతోషి చేతిసంచి తగిలించుకుని వచ్చింది.

"రేపటి సంది నేను రాను అక్కా. మా ఆయనకు పెద్ద అంబర్‌పేట్‌ల పని దొరికింది. గాడ్నే ఇల్లు చూసుకున్నం. సార్‌కు గదే చెప్పొచ్చిన."

"గింత జల్దిగనా?"

"అవ్. ఇంకో మాట గూడ చెప్పిన. గా మొక్క వజ్రక్కదే, నాలుగేండ్లు సాకింది ఆమెనే, ఆమె బల్ల మీదనే పెట్టాలె అన్న. సార్ సరే అన్నడు. మళ్ల పూస్తే ఫొటోల నువ్వే ఉండాలె, మరువకు."

వజ్రమ్మ చూపు చెత్తబుట్ట మీదికి పోయింది. సంతోషి ఆమె భుజం తట్టి, గేటు దగ్గర ఆగిన ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆటో మలుపు తిరగగానే వజ్రమ్మ చెత్తబుట్ట బోర్లించి వెతికింది. పిలక దొరికింది. కోసినచోట అప్పుడే నల్లబడుతోంది. సిగ్గుతో ఆమె కుంగిపోయింది. వేరులేని పిలక బతకదని ఆ షెడ్డులో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. పాత గుత్తికి ఇంకో పిలక వస్తే రావచ్చు. అది పూయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అన్నాళ్లు ఆమె ఇక్కడ ఉండదు.

సంతోషి బల్ల కింద, ఆమె టీ తాగే పింగాణీ కప్పు మిగిలిపోయింది. దానికి చెవి విరిగిపోయి ఉంది. వజ్రమ్మ అందులో తడి నాచు కూరి, పిలకను నిలబెట్టింది. అది పక్కకు వాలింది. మళ్లీ నిలబెట్టింది. కప్పు అంచున, సంతోషి పెదవి ఆనిన చోట, మధ్యాహ్నపు టీ మరక ఇంకా అలాగే ఉంది.