కుడి రెక్క కింద వేడి

విమానాశ్రయంలో నన్ను అందరూ జ్వరమక్క అంటారు. బ్యాటరీ విమానం ఎగరబోయే ముందు దాని రెక్కల కింద, పొట్టకు అటూ ఇటూ ఉండే మూతలకు జ్వరం చూసినట్టు చెయ్యి తిప్పి ఆనించి చూడటం నా అలవాటు. లోపల బ్యాటరీ ప్యాకు వేడెక్కుతుంటే ఆ సంగతి చేతికి తెలుస్తుంది. పన్నెండేళ్ళలో రెండుసార్లు నా చెయ్యి మీటరు కంటే ముందు చెప్పింది. అప్పటినుంచీ నా మాటంటే గౌరవం, నా నోరంటే భయం.

ఆ పేరు పెట్టినవాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. నేను వాడిని మీటరు అంటాను. ఇద్దరు పిల్లల తండ్రి, బుద్ధిమంతుడు. తెర మీద అంకె కనబడితే తప్ప వాన పడుతోందని కూడా ఒప్పుకోడు.

పాత జెట్ విమానాలు ఇప్పుడు దూర ప్రయాణాలకే మిగిలాయి. దగ్గరి ఊళ్ళకంతా ఈ పందొమ్మిది సీట్ల బ్యాటరీ విమానాలే. పొగ లేదు, పెద్ద చప్పుడూ లేదు. కాకపోతే మా అక్క ఉండే దీవికి రోజుకు ఒక్కటే వెళ్తుంది, పొద్దున పదింటికి. అక్కడి రన్‌వేకి దీపాలు లేవు కాబట్టి చీకటి పడితే దిగడానికి లేదు. అది తప్పిపోతే ఓడే గతి. ఓడకు రోజున్నర పడుతుంది.

ఆ రోజు తెల్లవారుతుండగా బావ ఫోన్ చేశాడు.

"ఇవాళ గడవడం కష్టమంటున్నారమ్మా డాక్టరు. మీ అక్క నిన్నే అడుగుతోంది. ఎలాగైనా వచ్చెయ్."

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నాకు జడలు వేసింది అక్కే. ఆడపిల్ల గ్రీజు చేతులతో తిరగడమేమిటని నాన్న చిందులు తొక్కితే, ఆయనతో మూడు నెలలు మాట్లాడకుండా ఉండి నన్ను మెకానిక్ కోర్సులో చేర్పించింది. ఆవిడ కళ్ళు తెరిచి ఉండగా చేరుకోవాలి. ఆ రోజు నాకు ఇంకేమీ అక్కర్లేదు.

సెలవు పెట్టి, టికెట్ తీసుకుని, అందరితో పాటు వరుసలో నిలబడ్డాను. మెట్ల వైపు నడుస్తూ కుడి రెక్క కిందికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే లేచింది. మూత కాలిపోతోంది. ఆ పూట విమానం దగ్గర డ్యూటీలో ఉన్న మీటరుని కేకేశాను.

"మీటరూ, కుడి ప్యాకు వేడిగా ఉంది."

"తెర మీద మామూలుగానే ఉందక్కా."

"అంటే నా చెయ్యి అబద్ధమా?"

"అది కాదక్కా. ఎడమ పక్క కూడా ఓసారి పట్టుకుని చూశావా?"

"నాకు నేర్పుతున్నావా? నీకు స్పానర్ పట్టుకోవడం నేర్పిందెవర్రా?"

వాడు మళ్ళీ తెర వైపు తిరిగాడు. నా వెనక పద్దెనిమిది మంది ఉన్నారు, వాళ్ళలో ఒకావిడ చంకలో నెలల బిడ్డ ఉంది. అక్క దగ్గరకు చేరాలన్న ఆత్రంతో నోరు మూసుకుని ఎక్కితే, సముద్రం మధ్యలో ఏమైనా అయితే?

"ఆపు" అన్నాను.

మా పనిలో ఆ మాటకు తిరుగులేదు. లైసెన్సు ఉన్న మెకానిక్, డ్యూటీలో ఉన్నా లేకున్నా, "ఆపు" అంటే విమానం ఆగాల్సిందే. ప్యాకు దించి, విప్పి, పరీక్షించాకే మళ్ళీ కదలాలి. దానికి ఎనిమిది గంటలు పడుతుంది, బదులు విమానమూ ఉండదు. అన్నవాళ్ళు కూడా ఆ మాట వెనక్కి తీసుకోకూడదు. పూర్వం మేనేజర్లు మెకానిక్‌లను గదిలోకి పిలిచి, బతిమాలో బెదిరించో ఆ మాట మింగించేవాళ్ళు. అలా జరగకుండా రూలు పెట్టాలని సమ్మె చేసినప్పుడు అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

నా మాట లాగ్‌బుక్కులో రాసి, రెండు పక్కలా చూసి, పది నిమిషాలకు మీటరు తిరిగి వచ్చాడు.

"అక్కా, రోజూ పెట్టే చోట చార్జింగ్ కేబుల్ చెడిపోయింది. అందుకని ఇవాళ విమానాన్ని ఇటు తిప్పి పెట్టాం. పొద్దుటి నుంచీ ఎండ ఏటవాలుగా కుడి మూత మీదే పడుతోంది. ఎడమ మూత చల్లగా ఉంది."

రెండు పక్కలా చెయ్యి పెట్టి పోల్చి చూడాలని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేదాన్ని. ఆ రోజు నేనే ఒక్క పక్క పట్టుకుని వదిలేశాను. వాడు గుర్తు చేయబోతే వాడి నోరు నొక్కేశాను.

"రాసింది కొట్టెయ్‌రా. నేను అనలేదనుకో" అన్నాను. వాడి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "అక్క పోతోందిరా."

"రాసేశానక్కా" అన్నాడు. వాడూ ఏడుస్తున్నాడు. "ఇవాళ నీకోసం కొట్టేస్తే రేపు ఇంకెవరికోసమో కొట్టెయ్యమంటారు కదక్కా."

నా దగ్గర నేర్చుకున్నవాడు మరి, ఇంకెలా మాట్లాడతాడు?

సాయంత్రం దాకా షెడ్డులో కూర్చుని వాళ్ళు ప్యాకు విప్పడం చూశాను. లోపల ఏ లోపమూ లేదు, కానీ అప్పటికే చీకటి పడింది. మర్నాడు అదే ప్యాకుతో, అదే విమానంలో గంటలో దీవి చేరాను. అంతకు ముందురోజు సాయంత్రం నాలుగింటికే అక్క పోయింది.

బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అక్క కూతురు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మ నొప్పికి ఇంజెక్షన్ వద్దంది పిన్నీ. వేస్తే మత్తుగా పడుకుంటానని, నువ్వొచ్చేసరికి మెలకువగా ఉండాలని. విమానం రిపేరుకి ఆగిందని నాన్న చెప్పారు. అయితే ఏం, అక్కడ మా చెల్లి ఉంది కదా, బాగుచేసుకుని వచ్చేస్తుందిలే అంది అమ్మ. నర్సు మళ్ళీ వస్తే మళ్ళీ వద్దంది. ఆఖరిదాకా పళ్ళు బిగపట్టుకునే ఉంది."

ఆ పిల్లను గుండెలకు అదుముకుని ఏడ్చాను. విమానం ఆపింది నేనేనని మాత్రం ఇవాళ్టికీ చెప్పలేదు.