ఆయన లాగిన్

నేను దుప్పట్లు మడత పెడుతున్నాను. మరిది నా లాప్‌టాప్ ముందు కూర్చుని, "వదినా, పాస్‌వర్డ్ తీసుకుంటోంది గానీ తెరంతా నల్లగా వస్తోంది" అన్నాడు. అలా అనడం మూడోసారి.

మావారూ నేనూ ఒకే బడిలో పనిచేశాం. నేను భాష చెబుతాను, ఆయన కంప్యూటర్లు చెప్పేవారు. ల్యాబ్‌లోని పెద్ద కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి, ఇంటినుంచి కూడా దాని తెర తెరిచి పనిచేసుకునేలా అమర్చి రెండేళ్ళయింది. అమర్చింది నేను. ఆయన పాఠమంటే పిల్లలు చెవి కోసుకునేవారు, ఈ అమరికలంటే మాత్రం ఆయనకు విసుగు. "ఓపికున్నదానివి, నువ్వు చూడవూ" అని మొదట్లో అడిగారు. తర్వాత అడగడం కూడా మానేశారు. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు ఫైర్‌వాల్‌లో దారి తెరిచి వచ్చిన రోజులున్నాయి. అంతా ఆయన లాగిన్‌తోనే. ల్యాబ్‌ను చక్కగా నడుపుతున్నందుకు వార్షికోత్సవంలో ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇంటికొచ్చి, "బీరువాలో పెట్టు" అని నా చేతికిచ్చారు. పెట్టాను. ఏదైనా అనాలనిపించినా, అనడానికి ఇంకా బోలెడు వ్యవధి ఉందనుకున్నాను.

నిన్న హెడ్మాస్టరుగారు ఫోన్ చేశారు. సోమవారం నుంచి పరీక్షలు ల్యాబ్‌లోనేనట. ఆలోపు ఆ కంప్యూటర్ తెరుచుకోకపోతే బయటివాళ్ళను పిలిచి, ఉన్నదంతా చెరిపించి కొత్తగా వేయిస్తారట. అంటే నా రెండేళ్ళ పనీ, పిల్లలు దాచుకున్నవీ అన్నీ పోతాయి. నేను చూస్తానన్నాను. "ఈ పరిస్థితిలో మీకెందుకమ్మా శ్రమ, మీ మరిదిగారిని చూడమనండి" అన్నారు. ఈ పరిస్థితిలోనే నాచేత ఈ వారం మూడు అదనపు క్లాసులు చెప్పించారు.

మరిదిని జరగమన్నాను. అన్నయ్య ఏదో గందరగోళం చేసిపెట్టాడు, నీవల్ల కాదులే అన్నాడు, కానీ జరిగాడు. తెరతో పనిలేకుండా అక్షరాలతోనే నడిచే మరో దారిలో లోపలికి వెళ్ళాను. ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారని అడిగితే ఒక్క పేరే వచ్చింది. ఆయనది. తేదీ నలభై మూడు రోజుల కిందటిది.

ఆ మధ్యాహ్నం ఆయన్ను ల్యాబ్ నుంచే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు. లాగౌట్ చేయలేదు. ఆ కంప్యూటర్‌ను ఎవరూ ఆపరు. అక్కడ ఆయన పేరుతో తెర తెరిచి ఉండగా, ఇక్కడినుంచి అదే పేరుతో వెళ్తే మనకు నల్లతెరే. ఇది నాకు కొత్త కాదు. ఇలా అయినప్పుడల్లా ఫోన్ చేసి, ఒకసారి బయటికి రండి అనేదాన్ని. "వస్తున్నానులే, ప్రాణం తీయకు" అనేవారు.

ఇప్పుడు నేనే ముగించాలి. ఒక్క వరుస టైపు చేస్తే చాలు. ఆయన అక్కడ తెరిచి ఉంచిందేదైనా ఉంటే అదీ పోతుంది. మడవాల్సిన దుప్పటి ఒకటి ఒళ్ళోకి లాక్కున్నాను.

అత్తయ్య వచ్చి ఏమైందని అడిగారు. అన్నయ్య లాగిన్ ఇంకా నడుస్తోందని మరిది చెప్పాడు. ఆవిడ మడత పెట్టిన దుప్పట్ల పక్కనే కూర్చున్నారు.

"ఉండనీ అమ్మాయ్. బడిలోనన్నా వాడి పేరు ఉండనీ."

"పేరు ఆయనదే అత్తయ్యా. పనంతా నేను చేసింది."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసు. బడిలో ఆ ప్రశంసా కాగితం ఇచ్చిన రోజే వాడు చెప్పాడు, అమ్మా ఇది దానికి రావాల్సింది అని. పెళ్ళాం చేసిపెట్టిందంటే నలుగురిలో నామోషీరా, ఊరుకో అన్నాను. ఊరుకున్నాడు."

మరిది నావైపు చూడలేదు. అత్తయ్య ఊరుకోమన్నారు సరే, ఆయన ఎందుకు ఊరుకున్నారో ఇక అడగడానికి లేదు.

ఆ వరుస టైపు చేసి ఎంటర్ నొక్కాను. జాబితా ఖాళీ అయింది. నా పేరుతో కొత్త లాగిన్ చేసుకుని, అన్ని అధికారాలూ దానికిచ్చి, మళ్ళీ ఇంటినుంచి వెళ్ళాను. తెర తెరుచుకుంది. పిల్లలవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

హెడ్మాస్టరుగారికి ఫోన్ చేసి, ల్యాబ్ సిద్ధంగా ఉందని, రెండేళ్ళుగా దాన్ని చూసుకుంటున్నది నేనేనని, ఇకముందు ఏం కావాలన్నా నన్నే అడగమని చెప్పాను.

"మరి సారు ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"చెప్పారు సార్," అన్నాను. "వాళ్ళమ్మగారికి."