రెండు వందల ముప్ఫై ఒకటో పేజీలో చీటీ

ఆ నవల నేను నలభై పేజీలు చదివి పక్కన పడేశాను. తర్వాత చివరి పేజీ తిప్పి చూసి, ఓహో ఇంతేనా అనుకున్నాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే ఒప్పుకోవాల్సిన రోజున ఒప్పుకోలేదు.

మాది ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ ఇంగ్లీషు క్లాసు. ఆదివారం మధ్యాహ్నాలు, సైకిల్ షాపు మీది గదిలో, పన్నెండు మంది. నేను వ్యాకరణం మొదలుపెట్టానంటే టాక్సీ డ్రైవరు కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవాడు. "ఏదైనా మంచి నవల పెట్టండి మేడమ్, లేకపోతే వచ్చే నెలకి కుర్చీలే మిగుల్తాయి" అని క్లాసు నడిపే యజమాని నా చెవిలో జోరీగలా పోరు పెట్టాడు. పాత పుస్తకాల షాపులో నాలుగు ఇంగ్లీషు నవలలు ఏరి తెచ్చి నలుగురికి ఇచ్చాను. తలా ఒక పసుపు చీటీ కూడా ఇచ్చాను.

"మూడు వారాలు గడువు. ఎక్కడ విసుగు పుడితే అక్కడ చీటీ పెట్టి ఆపెయ్యండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. ఎవరి చీటీ ఎక్కువ దూరం వెళ్తే ఆ నవలే మన పాఠం."

నా తెలివికి నేనే మురిసిపోయాను.

గడువు రోజున చీటీలు చూశాను. డ్రైవరుది తొమ్మిదో పేజీ. మందుల షాపాయనది ఇరవై రెండు. బ్యూటీ పార్లర్ అమ్మాయిది యాభై. "అది కూడా మధ్యమధ్యలో బొమ్మలున్నాయని మేడమ్" అంది.

నాలుగోది అక్కది. హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. క్లాసులో అందరికంటే పెద్దావిడ కాబట్టి అందరికీ అక్కే. పైకి చదవమంటే రెండు వాక్యాలకే గొంతు తడారిపోతుంది. నేను వదిలేసిన నవలే ఆమె చేతిలో పెట్టాను, ఎలాగూ చదవదులే అని. రెండు వందల ముప్ఫై రెండు పేజీల పుస్తకం. చీటీ రెండు వందల ముప్ఫై ఒకటిలో ఉంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నా వల్ల కానిది ఈమె వల్ల ఎలా అయిందన్నదే లోపలి మంట. పైకి మాత్రం నవ్వుతూ, "ఒక్క పేజీ ముందు విసుగు పుట్టిందా అక్కా?" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది.

"విసుగు కాదు మేడమ్. దాచుకున్..."

"చివర్లో చీటీ పెట్టేస్తే చదివినట్టు కాదు. అంతా చదివినవారే అయితే చెప్పండి, చెల్లెలు దొరుకుతుందా లేదా?"

ఆమె మాటలు కూడదీసుకుంటోంది. నేను ఆగలేదు. "సరే, నేనే చెప్తా వినండి. ఒక ఓడ వంటవాడు తప్పిపోయిన చెల్లెలి కోసం రేవు రేవూ తిరుగుతాడు. చిట్టచివరికి ఇల్లు దొరుకుతుంది. చెల్లెలు తలుపు తీస్తుంది, అతన్ని చూస్తుంది, తలుపు మూసేస్తుంది. అంతే!"

"అయ్యో!" అన్నారందరూ. అక్క మాత్రం చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ వెనక నవ్వు. దొరికిపోయి కూడా నవ్వుతోందే అని నాకు ఒళ్ళు మండింది.

"క్లాసులో అబద్ధాలు నాకు నచ్చవు" అన్నాను.

ఆ నవ్వు ఆగిపోయింది. ఏదో అనబోయి, నా మొహంలోకి చూసి, మానేసింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

బొమ్మల నవలే పాఠమని తేల్చేశాను. మిగతావి షాపుకి తిరిగిచ్చేద్దామని ఇంట్లో తీసి చూస్తుంటే, అక్క చదివిన పుస్తకంలో కాగితాలు ఇస్త్రీ ఆవిరికి ఉబ్బి ఉన్నాయి. మొదటి పేజీ నిండా సన్నటి పెన్సిలు చుక్కలు, తెలియని ప్రతి మాట కిందా ఒకటి. లెక్కపెడితే అరవై ఒకటి. యాభయ్యో పేజీకి ముప్ఫై. రెండు వందలు దాటాక ఐదో ఆరో. రెండు వందల ముప్ఫై ఒకటిలో రెండే. చివరి పేజీలో ఒక్కటీ లేదు.

చీటీ దాకా ఆమె నిజంగానే చదివింది. ఆ చుక్కల వెంటే నలభై ఒకటో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. తొంభై ఏడో పేజీలో చిన్నప్పటి సంగతి ఒకటి వచ్చింది. అన్న బడి నుంచి వచ్చి తలుపు తడితే, చెల్లెలు తీసి, చూసి, అతని మొహం మీదే మూసేసేది. లోపల పది లెక్కపెట్టి, మళ్ళీ తీసి మెడకు వేలాడేది. రోజూ అదే ఆట, ఒక్క అన్నతోనే. ఆ పేజీ అంచున అక్క ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసుకుంది.

అంటే చెల్లెలు గుర్తుపట్టింది. అక్క అప్పుడు ఎందుకు నవ్విందో నాకు ఇప్పుడు తెలిసింది.

మర్నాడు హోటల్ వెనక గుమ్మం నుంచి లాండ్రీలోకి వెళ్ళాను. అక్క నన్ను చూసి కంగారుపడి, చేతిలో దుప్పటి ఎక్కడ పెట్టాలో తెలియక, "ఆ కొసలు పట్టుకోండి మేడమ్" అంది. పట్టుకున్నాను.

"అప్పటికి నేను నలభై పేజీలే చదివాను అక్కా" అన్నాను.

"తెలుసు మేడమ్."

"ఎలా?"

"మీరు తలుపు మూసేసింది, అంతే అన్నారుగా. చదివినవాళ్ళెవరూ అంతే అనరు. క్లాసంతా అయ్యో అంటుంటే నాకొక్కదానికే సంతోషమేసింది."

"అప్పుడే అనొచ్చుగా ఆ మాట! అబద్ధమని నోటికొచ్చినట్టు అన్నానే."

"అంతమంది ముందు, పాఠం చెప్పేవాళ్ళే చదవలేదని నేనెలా అంటాను? అందుకే రావట్లేదు. వస్తే ఎందుకు నవ్వారని అడుగుతారు. నాకేమో అబద్ధం చెప్పడం రాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె దుప్పటి మడత పెడుతూ నా దగ్గరికి వచ్చింది.

"కాకపోతే మేడమ్, ఏ భాషలోనైనా నేను మొదట్నుంచీ చదివిన పుస్తకం అదొక్కటే. ఆ రోజు క్లాసయ్యాక బస్సులో తీరిగ్గా చదువుకుందామని ఆ పేజీ దాచుకున్నాను. నేనే తిప్పుకునుంటే బాగుండేది."

క్షమించమన్నాను. ఆమె క్షమించాననలేదు, లేదనీ అనలేదు. "ఇంకో దుప్పటి ఉంది" అంది. దాని కొసలూ పట్టుకున్నాను. వెళ్ళేముందు, ఆదివారం రమ్మని, ఎందుకు నవ్వారని ఆమెను అడగాల్సిన అవసరం ఎవరికీ రాకుండా చూస్తానని చెప్పాను.

వచ్చింది. వెనక కుర్చీలో కూర్చుంది. నేను అందరి ముందూ పుస్తకం తెరిచి, నలభయ్యో పేజీలో పసుపు చీటీ పెట్టి పైకెత్తి చూపించాను.

"ఇది నా చీటీ. ఆ రోజు అబద్ధం ఆడింది అక్క కాదు, నేను. నేను చెప్పిన ముగింపు కూడా సగమే. చెల్లెలు ఆ తలుపు ఎందుకు మూసిందో ఆ రోజు ఈ గదిలో తెలిసింది అక్కకే."

డ్రైవరు ఈసారి నిజంగానే మెలకువగా ఉన్నాడు. కుర్చీ వెనక్కి తిప్పి, "ఎందుకు మూసింది అక్కా? చెప్పవూ!" అని బతిమాలాడు.

అక్క నా వైపు ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపింది.

"చెప్పను. చదువుకో."