సాంబమూర్తి ఎక్కిన విమానం

సింగపూర్ సైన్స్ పార్క్‌లో రాడార్ల మీద పనిచేసే శ్రీలేఖకి ఆ పేరు అనుకోకుండా దొరికింది. రెండో ప్రపంచయుద్ధంలో, చీకట్లో శత్రువుని వేటాడే విమానాలకి రాడార్లు బిగించిన రోజుల నాటి పాత నివేదికలు చదువుతోంది. కలకత్తా, 1944. ‘మెకానిక్ సాంబమూర్తి, సింగపూర్ నావల్ బేస్ నుంచి వచ్చినవాడు.’

అక్కడి తెలుగువాళ్లందరినీ వాకబు చేస్తే, నెల తరవాత సెంబవాంగ్‌లో అతని చెల్లెలు దొరికింది. తారాదేవి. తొంభై రెండేళ్లు.

“ఆ పేరు మా ఇంట్లో ఎత్తరు,” అందావిడ ముందే. మళ్లీ తనే, “కూర్చో. మకాన్ అయిందా, ఏమైనా తిన్నావా?” అంది.

జపాన్ వాళ్లు రావడానికి వారం ముందు సాంబమూర్తి ఓడెక్కాడట. వైర్‌లెస్ పని తెలిసినవాళ్లని దొరలు వెంట తీసుకుపోయారు. తరవాత ఒక్క కబురూ లేదు.

“యుద్ధం అయ్యాక ఒకాయన వచ్చి, నలభై మూడులో కలకత్తాలో చూశానన్నాడు. ఏం పనని అడిగితే అన్నయ్య నవ్వి తప్పుకున్నాడట. ఇక్కడ మా అమ్మ కర్రపెండలం కూడా దొరక్క కాళ్లు వాచి చనిపోయింది. వాడక్కడ దొరలతో కులుకుతున్నాడా అని నాన్న ఫోటో చింపేశాడు.”

“ఆ పని గురించి ఎవరికీ చెప్పకూడదు అమ్మమ్మా, చెబితే జైలే. ఇక్కడికి ఉత్తరం వేసే దారీ లేదు.”

శ్రీలేఖ నెమ్మదిగా చెప్పింది. చీకట్లో పైలట్‌కి ఏమీ కనపడదు. వెనక కూర్చున్నవాడు చిన్న తెర మీద వెలుగు మచ్చని చూసి ‘ఎడమకి, ఇంకాస్త పైకి’ అని దారి చెబుతాడు. ఆ వానాకాలం ఆ యంత్రం నేల మీద బాగానే ఉండేది, పైకెళ్లగానే తెరంతా చెదిరిపోయేది. ఎవరికీ అంతుపట్టలేదు. నేనే ఎక్కి చూస్తానన్నాడు సాంబమూర్తి. మూడుసార్లు ఎక్కి, తీగల అతుకు దగ్గర తేమ చేరుతోందని పట్టుకున్నాడు. మైనం పూసి గుడ్డ చుట్టాడు. నాలుగోసారి వెళ్లింది అది నిలుస్తుందో లేదో చూడ్డానికి.

“నిలిచింది. తెర శుభ్రంగా ఉందని రేడియోలో చెప్పాడు. కాసేపటికే ఇంజను అంటుకుంది. విమానం సముద్రంలో పడిపోయింది.”

“ఏ నెల?”

“ఆగస్టు.”

తారాదేవి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది.

“అమ్మ పోయింది ఆ నవంబరులో. అప్పటికే అన్నయ్య లేడన్నమాట. నాన్న పోయేటప్పుడు ‘సాంబుడొచ్చాడా’ అని అడిగాడే. ‘వాడికి మనం అక్కర్లేదులే నాన్నా’ అన్నాను. ఆ మాట వింటూనే పోయాడు.”

శ్రీలేఖ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

మహాలయ అమావాస్యకి మనవడు భరద్వాజ్ చేత తర్పణం ఇప్పించింది తారాదేవి. ఆ ఉదయం శ్రీలేఖని అడిగింది, “విమానం నడిపినవాడి పేరేంటి?”

“హార్‌గ్రీవ్. ఇరవై రెండేళ్లు.”

“అతనికీ ఇప్పించండి పంతులుగారూ.”

పంతులు తటపటాయించాడు. “గోత్రం తెలియదు కదమ్మా.”

“కాశ్యప అనుకోండి. మా వాడితో పాటే పోయాడు.”

భరద్వాజ్ నువ్వులూ నీళ్లూ దోసిట్లోకి తీసుకున్నాడు. పరాయిదేశపు ఆ పేరు పంతులు నోట సరిగ్గా పలకలేదు. తారాదేవి పక్కనుంచి నెమ్మదిగా అందించింది.