ఆరో చరణం

పొద్దున్నుంచి సిసెల్ మూడు కప్పుల కాఫీ పోసుకుంది, ఒక్కటీ పూర్తిగా తాగలేదు. కుర్చీలో కూచుంటుంది, లేస్తుంది, కిటికీ దాకా వెళ్లి కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు వంక చూస్తుంది, మళ్లీ వచ్చి కూచుంటుంది. కాలు కాలిన పిల్లి అయినా ఎక్కడో ఒకచోట ఆగుతుందేమో గాని, పత్రిక అచ్చుకు వెళ్లే రోజున సిసెల్ ఆగదు. మధ్యాహ్నం మూడు గంటలకల్లా పేజీలన్నీ అచ్చువాళ్లకి చేరాలి.

పత్రిక ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది, ఇంగ్లీషులో. డెన్మార్క్‌లో ఇవాళ ఎవరు ఏం గీస్తున్నారు, ఏం రాస్తున్నారు, ఏం ఆలోచిస్తున్నారు అని లండన్‌లోనూ టొరంటోలోనూ ఉన్నవాళ్లకి చెప్పడం దాని పని. పదకొండేళ్లుగా సిసెల్ దాని సంపాదకురాలు. ఈ పదకొండేళ్లలో ఆ పాఠకులు ఆమెని అడిగినవి రెండే: కుర్చీలు, కొవ్వొత్తులు. కుర్చీ మీద వ్యాసం లేకుండా సంచిక వస్తే చాలు, ఎవరో ఒకరు ఉత్తరం రాస్తారు. అందుకని అవసరానికి ఉంటుందని ఒక కుర్చీ వ్యాసం ఎప్పుడూ సొరుగులో పెట్టి ఉంచుతుంది, ఇంట్లో ఊరగాయ ఉంచుకున్నట్టు.

ఈసారి మాత్రం కుర్చీ జోలికి పోలేదు. తనే ఒక వ్యాసం రాసింది. మా దేశంలో అసలైన కవులు పుస్తకాల్లో లేరు, విందు బల్లల దగ్గర ఉన్నారు అని అందులో వాదించింది. ఎవరికైనా యాభై నిండితే, అరవై నిండితే, స్నేహితులు వాళ్ల మీద పాట కడతారు. బడిలో నేర్చిన ఏదో ఒక పాట వరస తీసుకుని, ఆ మనిషి చేసిన తెలివితక్కువ పనులన్నీ ప్రాసలో బిగించి, కాగితాల మీద వేయించి, ప్రతి కంచం కింద ఒకటి పెడతారు. అందరూ లేచి పాడతారు. పుట్టినరోజు మనిషి కూడా చేతిలో కాగితం పట్టుకుని తనని వెక్కిరించే పాట తనే పాడాలి. తెల్లారేసరికి ఆ కాగితాలన్నీ ఎంగిలి గ్లాసులతో పాటు చెత్తలోకి పోతాయి. ఇంత గొప్ప కవిత్వం ఇలా చెత్తలోకి పోతూ ఉంటే ఎవరికీ పట్టదేమిటని ఆమె బాధ. ఉదాహరణగా ఏప్రిల్‌లో తన స్నేహితురాలు వీబెకె యాభయ్యో పుట్టినరోజుకి తను కట్టిన పాటనే, తొమ్మిది చరణాలూ, ఇంగ్లీషు చేసి వేసింది.

పదకొండున్నరకి భోజనానికి కూచున్నప్పుడు నూలా ఆ పేజీలు పట్టుకొచ్చింది. నూలా ఐర్లండు మనిషి, ఇక్కడి వాణ్ణి చేసుకుని తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటోంది. పత్రిక ఇంగ్లీషు అంతా ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. నల్లరొట్టె ముక్క కంచంలోనే వదిలేసి అడిగింది.

"సిసెల్, ఈ పాటలో ఆవిడ బతికే ఉందా?"

"అదేం ప్రశ్నే! బతికే ఉంది, గుండ్రాయిలా ఉంది. నా ప్రాణస్నేహితురాలు. ఆరేళ్లప్పుడు ఒక బెంచీలో కూచున్నాం."

"ప్రాణస్నేహితురాలి మీదే ఇలా రాస్తే, గిట్టనివాళ్ల మీద ఏం రాస్తావు తల్లీ?"

సిసెల్ పకపకా నవ్వింది. "మీ బయటివాళ్లకి అర్థం కాదు. ఇక్కడ ఎంత వెక్కిరిస్తే అంత ప్రేమ. ఆవిడే అందరికంటే గట్టిగా నవ్వింది, తెలుసా?"

"మా ఊళ్లో ఇలాంటివి చావింట్లో అంటారు. అదీ పోయినవాడు లేచి వినడని రూఢి చేసుకున్నాక." నూలా వేలితో ఒకచోట పొడిచి, ఆ నాలుగు పాదాలూ పైకి చదివింది. "ఈ ఆరో చరణం సంగతేమిటి? దీనికి ఆవిడ ఒప్పుకుందా?"

"పాట నాది. ఒప్పుకోవడానికేముంది?"

అంది గాని, చేతిలో రొట్టె కంచంలో పెట్టేసింది. ఆరో చరణం ఆమెకి కంఠతా వచ్చు. వీబెకె కుమ్మరి పని చేస్తుంది. పాత్రలు, కూజాలు, ఈమధ్య గోడలకు తగిలించే పెద్ద పెద్ద పలకలు. రెండేళ్ల కిందట ఒకే వారంలో ఆమె కుండలు కాల్చే ఆవంలో ఎవరో ఘనంగా చేయించుకున్న నిలువెత్తు కూజా పగిలింది, మొగుడు ప్రెబెన్ గాజు పాత్రలు చేసే ఒక పిల్లతో వెళ్లిపోయాడు. ఆ రెంటినీ కలిపి సిసెల్ కట్టింది:

ఆవంలో పగిలె కూజా ఒక్కటి,
కొంపలో పగిలె కాపురం ఒక్కటి,
రెంటినీ ఊడ్చిన చీపురు ఒక్కటే,
వీబెకె, వీబెకె, చెత్తబుట్ట ఏదే!

ఆ రోజు అరవైమంది బల్లలు చరుస్తూ పాడారు. మొదటి పాదానికే జనం విరగబడి నవ్వారు. ఇప్పుడు అదే ముక్క నూలా గొంతులో, ఇంగ్లీషులో, ఏ వరసా లేకుండా వింటే ఎవరో పోలీసు నివేదిక చదివినట్టుంది.

సిసెల్ వీబెకెకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆవం తెరిచే రోజున ఫోను కోటు జేబులోనే ఉంటుంది, అది మామూలే. మామూలే అని తనకి తనే మూడుసార్లు చెప్పుకుంది. చెప్పుకుంటూ ఉంటే ఇంకేవో గుర్తుకు రావడం మొదలైంది. పదిహేనేళ్లుగా శనివారం పొద్దున్నే ఇద్దరూ కలిసి సముద్రంలో మునకలేస్తారు, మంచు పడనీ వాన పడనీ. మే నెల నుంచి వీబెకె రావడం లేదు. నడుం నొప్పి అంది. ఐదు నెలల నడుం నొప్పి! ఆ నడుంతోనే బస్తాలకు బస్తాల మట్టి ఎత్తుతోంది మనిషి.

"నేను రెండున్నరకల్లా ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఆ పేజీలు పంపకు" అని నూలాతో చెప్పి, కాగితాలు సంచిలో కుక్కి, సైకిలెక్కింది.

అక్టోబరు గాలి ఎదురుగాలి. వంతెన మీద సైకిళ్ల వరసలో అందరినీ దాటబోయి ఒక పెద్దాయన చేత తిట్లు తింది. "చేతితో సైగ చెయ్యడం రాదా? ఎక్కడ నేర్చుకున్నావ్ తొక్కడం?" అన్నాడాయన. ఇంకో రోజైతే నిలబడి రెండు అనేది. ఇవాళ తల వంచుకుని తొక్కింది. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ చేట్లలో ఏది ఏప్రిల్‌లో తన చేతి మీదుగా జరిగిందో లెక్క తేలక, రెండో వంతెన, మూడో వంతెన ఎలా దాటిందో ఆమెకే తెలీదు. వీబెకె నవ్విన మాట నిజం. కళ్లలోంచి నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ నీళ్లు ఎందుకొచ్చాయో మాత్రం తను అడగలేదు.

పాత ఓడల కార్ఖానాలో వెనకవైపు గదులు ఇప్పుడు కళాకారులకి ఇచ్చారు. సిసెల్ వెళ్లేసరికి వీబెకె ఆవం తలుపు తీసి, మందపాటి తొడుగులతో ఒక్కో పలకా బయటికి తీస్తోంది. గది వేడిగా ఉంది.

"అచ్చు రోజున నువ్వు ఇక్కడేంటే? పత్రిక మూతబడిందా?" అంది వీబెకె, తిరిగి చూడకుండానే.

సిసెల్ కాగితాలు బల్ల మీద పెట్టింది. వీబెకె తొడుగులు తీసి, కళ్లజోడు పెట్టుకుని, నిలబడే చదివింది. ఒక్కచోట కూడా నవ్వలేదు. రెండో కాగితం మధ్యలో కొంచెంసేపు ఆగింది. ఎక్కడ ఆగిందో సిసెల్‌కి తెలుసు.

"ఇంగ్లీషు బాగుంది" అంది చివరికి.

"వీబెకే..."

"టొరంటోలో కూడా తెలియాలిలే ప్రెబెన్ సంగతి. పాపం, వాళ్లకి మాత్రం కాలక్షేపం వద్దూ?"

"నువ్వు నవ్వావే! అందరికంటే గట్టిగా నవ్వావు!"

"ఏం చెయ్యమంటావే? ఏడవమంటావా?" వీబెకె కళ్లజోడు తీసింది. గొంతు పెద్దది చెయ్యలేదు. "అరవైమంది లేచి నిలబడి నా మొగుడు పోయాడని పాడుతున్నారు. నా చేతిలో కాగితం పెట్టారు. మా అమ్మ పక్కనే ఉంది. నేనూ పాడాను. పాడక ఏం చెయ్యను? పాట మీద అలిగిన మనిషి మీద ఇంకో పాట కడతారు మన ఊళ్లో. ఆరో చరణం దాకా నేనూ సరదాగానే ఉన్నాను. మిగతా మూడూ ఏం పాడానో నాకు గుర్తులేదు."

ఇంతసేపూ సిసెల్ భయమల్లా అచ్చు గురించి. అచ్చు ఆపితే సరిపోతుందనుకుంటూ వచ్చింది. అసలు తప్పు ఏప్రిల్‌లోనే, అరవై గొంతులతో అయిపోయింది.

"ఐదు నెలలు... ఒక్కమాట అనలేదేం?"

"నువ్వు అడుగుతావేమోనని చూశాను. నడుం నొప్పి ఎలా ఉందని అడిగావు. మలాము కూడా పంపావు."

సిసెల్ మట్టి బస్తా మీద కూలబడింది. సమర్థించుకోవడానికి నోటినిండా మాటలున్నాయి. సంప్రదాయం, ప్రేమ, అది సరదా. అన్నీ తన వ్యాసంలోనివే. అవేవీ నోట్లోంచి రాలేదు, ఇంకొకటి వచ్చింది.

"రాసేటప్పుడే తెలుసే నాకు. ఇది నిన్ను కోస్తుందని. ఆ చీపురు ప్రాస అంత బాగా కుదిరింది... వదులుకోలేకపోయాను. తప్పయింది. నన్ను క్షమించు."

సిసెల్ ఫోను తీసి నూలాకి చేసింది. రెండు ఇరవై అయింది.

"ఆ పేజీలు తీసెయ్. మొత్తం. కుర్చీ పెట్టు."

"ఏ కుర్చీ?"

"సొరుగులో కుర్చీ!"

ఆ మాటకి వీబెకె ముక్కుతో నవ్వింది. ఆపుకుందామని చూసి ఆపుకోలేక నవ్వింది. తర్వాత చేతులు తుడుచుకుని, రంగుపొడి డబ్బాల వెనక చెయ్యి పెట్టి, దుమ్ము పట్టిన ఒక కట్ట బయటికి లాగింది.

"కూచున్నది చాలు, లే. ఇది నీది."

కట్ట మీద సిసెల్ పేరుంది, యాభై అని అంకె వేసి ఉంది. కింద అరవై కాగితాలు. పోయినేడు సెప్టెంబరులో తనకి యాభై నిండినప్పుడు సిసెల్ పేపర్లో "ఎలాంటి హడావుడీ వద్దని మనవి" అని రెండు పంక్తులు వేయించి, పని ఉందని చెప్పి పోర్చుగల్ చెక్కేసింది. నిజానికి ఆ పాటకి భయపడే పారిపోయింది. ఊరందరి మీదా కట్టిన మనిషి మీద ఊరేం కడుతుందో ఆమెకి తెలుసు.

"తెల్లవారుజామునే నీ గుమ్మం ముందు పాడదామని అందరినీ పోగుచేశాను" అంది వీబెకె. "జెండాలు కొన్నాను, రొట్టెలు చెప్పాను. నువ్వు ఉడాయించావు. రొట్టెలన్నీ నేనే తిన్నాను వారం రోజులు."

కట్ట పైన చేత్తో రాసిన చిత్తుప్రతి ఉంది. తొమ్మిది చరణాలు. అచ్చులో ఎనిమిదే ఉన్నాయి. చిత్తులో ఆరోదాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి ఉన్నాయి. గీతల కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి:

ఇరవయ్యారింట ఒక్కటే పుస్తకం,
ఇప్పటికీ అది మంచం కిందనే మొత్తం,
ఊళ్లోని కవితల్ని ఊరేగిస్తుంది,
నీదేదే అంటే తల తిప్పుకుంటుంది.

సిసెల్ రెండుసార్లు చదివింది. చెవులు వేడెక్కాయి. ఇరవయ్యారేళ్లప్పుడు వేసిన కవితల పుస్తకం, అమ్ముడుపోక తనే తెచ్చుకున్న ఆ కట్టలు, మంచం కింద ఉన్న సంగతి ఈ భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

"చీపురు కంటే బాగా కుదిరిందిది" అంది సిసెల్ మెల్లగా.

"కుదరడమా! అదొక్కటే బాగా వచ్చింది నాకు పాట మొత్తంలో. కొట్టేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది." వీబెకె ఒక కాగితం తీసి సిసెల్ చేతిలో పెట్టి, ఒకటి తను పట్టుకుంది. "పట్టుకో. నిలబడు తిన్నగా. ఏడాది ఆలస్యం, అయినా పాడాల్సిందే."

వీబెకెది బొంగురు గొంతు. బడిలో నేర్చిన ఆ వరస ఎత్తుకుంది. సిసెల్ సైకిలు కాలవలో పడ్డ రోజు, మంత్రిగారి భోజనంలో నిద్రపోయిన రోజు, సంపాదకురాలయ్యాక తన ఉత్తరంలోనే మూడు తప్పులు దొర్లిన రోజు. సిసెల్ కూడా పాడింది, మొదట గొణుగుతూ, తర్వాత గట్టిగా. నాలుగో చరణానికి ఇద్దరికీ నవ్వాగలేదు.

ఐదోది అయింది. అచ్చు కాగితంలో దాని కింద ఉన్నది చిత్తులోని ఏడోది. వీబెకె దానికి వెళ్లలేదు. కాగితం దించి, సిసెల్ ముఖంలోకి చూస్తూ, మాటలు లేకుండా వరస ఒక్కటే నోరు మూసుకుని పాడింది. నాలుగు పాదాలు, మొదటినుంచి చివరిదాకా. ప్రతి పదం ఎక్కడ పడుతుందో సిసెల్‌కి వినిపిస్తోంది. కాళ్లు పారిపొమ్మన్నాయి. కాగితం రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"ఊఁ, ఏడోది" అంది వీబెకె. "గట్టిగా పాడాలి."

సిసెల్ గొంతు సవరించుకుని తనే ఎత్తుకుంది.