వంకర పన్ను

పెద్దకోడలికి పళ్ళు దాదాపు అన్నీ ఊడిపోయి చాలా కాలమైంది. బుగ్గలు లోపలికి పోయాయి. మాట సగం గాలికే పోయేది, అన్నం మెత్తగా పిసికి మింగేది. ఇంట్లో అందగత్తె ఎవరంటే చిన్నకోడలే, అందులో రెండో మాట లేదు. ఆ పేరు ఆమెకు ఒంటిమీది నగలకన్నా ఎక్కువ.

అందుకే తోడికోడలు కట్టుడు పళ్ళు పెట్టించుకుంటానన్న రోజునుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. ఏడవదలుచుకున్న చిన్నకోడలికి ఎదుటిమనిషి కట్టుడు పళ్ళు చాలవూ!

పళ్ళ డాక్టరమ్మ అసలు సెట్టు చేసేముందు మైనంలో పళ్ళు గుచ్చి, నోట్లో పెట్టి చూస్తుంది. మార్పులేవైనా అప్పుడే చెప్పాలి. ఇంట్లోవాళ్ళలో ఒకరిని వెంట తెచ్చుకోమంటే చిన్నకోడలు తానే బయల్దేరింది.

మైనం పళ్ళు పెట్టగానే పెద్దకోడలి బుగ్గలు నిండాయి, పెదవి నిలబడింది. అద్దంలో చూసుకోవడానికి జంకి ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ముందు నువ్వు చూసి చెప్పు చెల్లీ. నువ్వు సరేనంటే సరే."

ఇంటికొచ్చినవాళ్ళు ఇక ఎవరి మొహం చూస్తారో చిన్నకోడలికి తెలిసిపోయింది.

"బానే ఉన్నాయండీ. కానీ మరీ వరసగా ఉన్నాయి," అంది డాక్టరమ్మతో. "మా అక్కకి ముందు పళ్ళలో ఎడమది వంకర. పక్కదాని మీదకెక్కి ఉండేది. మూల కాస్త విరిగి ఉండేది కూడా."

"భలే గుర్తుందమ్మా మీకు," అంటూ డాక్టరమ్మ పళ్ళు బయటికి తీసి, వేడిచేసిన చిన్న కత్తితో మైనం కరిగించి, ఆ పన్ను తిప్పి, మూల అరగదీసి మళ్ళీ నోట్లో పెట్టింది. చిన్నకోడలు లోలోపల పొంగిపోయింది.

పెద్దకోడలు కళ్ళు తెరిచింది. అద్దంలోకి చాలాసేపు చూసి, ఆ వంకర పన్నును వేలితో తాకింది. కళ్ళనీళ్ళు బొటబొటా రాలాయి.

"నేనే," అంది. చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. "నా మొహం నేనే మర్చిపోయాను. మీ బావగారికైనా గుర్తుందో లేదో. నువ్వింత శ్రద్ధగా ఎప్పుడు చూశావే నన్ను?"

కాపురానికొచ్చిన నాటినుంచీ చిన్నకోడలు ఎక్కడ వంక దొరుకుతుందా అని పూటపూటా చూసిన మాట నిజం. అది ఏ నోటితో చెబుతుంది?

"ఇలాగే ఖాయం చేసేయనా?" అంది డాక్టరమ్మ.

పెద్దకోడలు ఆ చెయ్యి వదలకుండానే తలూపింది.